శాశ్వతం ఎవరిది? తెలంగాణ వనసేద్య చరిత్రలో ఆర్మూర్ పసుపు నేల

సారాంశం

చెట్టు, పొద, తీగ, దుంప, పశువు ఒకదానికొకటి ఆసరాగా ఉండేలా అడవి క్రమాన్ని అనుసరించి చిన్న కమతంలో చేసే వ్యవసాయాన్ని ఈ వ్యాసం ‘వనసేద్యం’ అని వ్యవహరిస్తుంది. 1980ల చివర పర్మాకల్చర్ పేరుతో తెలంగాణకు వచ్చిన ఈ పద్ధతి జహీరాబాద్ మెట్ట నేలల్లో ఎలా రూపు దిద్దుకుంది, పసుపుకు పేరు పొందిన ఆర్మూర్ ప్రాంతంలో దానికి ఉన్న అవకాశాలూ అవరోధాలూ ఏమిటి అన్నవి ఇందులో చర్చనీయాంశాలు. వనసేద్యానికి మూలాధారం విత్తనమో సాంకేతికతో అనుకోవడం పరిపాటి. దానికి అంతకంటే ముందు కావలసింది నేల మీద సేద్యగానికి దక్కే కాలమనీ, తెలంగాణలో ఆ కాలం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నదే ఈ చరిత్రలోని కీలకమనీ ఈ వ్యాస ప్రతిపాదన.

కీలక పదాలు: వనసేద్యం, శాశ్వత వ్యవసాయం, పసుపు, ఆర్మూర్, జహీరాబాద్, సప్తసంతానం, కౌలు.

1. ఉపోద్ఘాతం

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పేరు చెప్పగానే వ్యవసాయ పరిశోధకులకు పసుపు గుర్తుకు వస్తుంది. పసుపు రకాల జాబితాలో దుగ్గిరాల, టేకూరుపేట, మైదుకూరు వంటి ఊరిపేర్ల సరసన ‘ఆర్మూర్’ కూడా ఒక దీర్ఘకాలిక రకం పేరుగా నిలిచింది. ఊరు తన పేరును పంటకు ఇచ్చింది. పంట ఆ ఊరి ఆర్థిక, రాజకీయ జీవితాన్ని మలిచింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ నియోజకవర్గం నుంచి 185 మంది పోటీ చేశారు. వారిలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే. ఓటింగు యంత్రానికి పన్నెండు బ్యాలెట్ యూనిట్లు జోడించవలసి వచ్చిన ఆ ఎన్నిక, ఒక పంట మీద ఆధారపడిన ప్రాంతపు ఆందోళన ఎంత తీవ్రమైందో దేశానికి తెలియజేసింది.

ఆ ఆందోళనలో వినిపించిన కోరికలు ప్రధానంగా రెండు: గిట్టుబాటు ధర, పసుపు బోర్డు. రెండూ న్యాయమైనవే. అయితే ఒక ప్రాంతం ఒకే పంట ధరపై ఇంతగా ఆధారపడే స్థితి ఎలా ఏర్పడింది, అందుకు భిన్నమైన సేద్యాన్ని తెలంగాణ నేల ఎన్నడైనా ఎరుగునా అన్న ప్రశ్నలు ఆ ఆందోళన కంటే పాతవి. వాటికి సమాధానం వెతకాలంటే ఆర్మూర్ చరిత్రను జహీరాబాద్ చరిత్రతో కలిపి చదవాలి. ఒకే రాష్ట్రంలో, ఒకే పీఠభూమి మీద, ఈ రెండు ప్రాంతాలు సేద్యంలో భిన్నమైన దారులు పట్టాయి.

2. అడవి, వనం, చేను: పదాలు చెప్పే చరిత్ర

తెలుగులో ‘అడవి’, ‘చేను’ అనేవి చిరకాలంగా పరస్పర విరుద్ధార్థాల్లో నిలిచిన మాటలు. అడవి పోతేనే చేను పుడుతుంది. మెకంజీ సేకరణలోని కైఫీయతుల్లో గ్రామోత్పత్తి కథలు తరచు అడవి కొట్టించి, ఊరు కట్టించి, చెరువు తవ్వించిన వృత్తాంతంతో మొదలవుతాయి. కావ్యాల్లోనూ అరణ్యవాసం శిక్షగానో తపస్సుగానో కనిపిస్తుందే తప్ప జీవనోపాధిగా కనిపించడం అరుదు. తెలుగు గ్రామచరిత్ర తన తొలి పుట అడవిని నరకడంతో రాసుకుందని చెప్పవచ్చు.

‘వనం’ పరిస్థితి వేరు. సప్తసంతానాల్లో పుత్రుడు, తటాకం, దేవాలయం, అగ్రహారం, కావ్యం, నిధులతో పాటు వనప్రతిష్ఠ కూడా ఉంది. కాకతీయుల కాలంలోనూ తరువాతా పాలకులూ సామంతులూ ఈ భావనను గౌరవించి చెరువులు తవ్వించారు, తోటలు నాటించారు. కవిచేత కృతి చెప్పించడమూ వనం నాటించడమూ ఒకే పుణ్యపట్టికలో చేరడం తెలుగు సాహిత్య విద్యార్థి గమనించవలసిన విషయం. రెండింటి లక్ష్యమూ పేరు నిలవడమే. దానశాసనాలు ‘ఆచంద్రతారార్కం’ అనే మాటతో ఆ శాశ్వతత్వాన్ని ప్రకటించాయి. చంద్రుడూ నక్షత్రాలూ సూర్యుడూ ఉన్నంతకాలం చెల్లవలసింది దానగ్రహీత హక్కు, దాత కీర్తి. ఆ తోటకు నీళ్లు తోడినవారి పేరు, పాదులు తవ్వినవారి పేరు శాసనంలో చోటు చేసుకోవడం అరుదు. అంటే శాశ్వతత్వమనే భావన తెలుగు నేలకు కొత్త కాదు. అది ఇన్నాళ్లూ యాజమాన్యానికి చెందిన గుణంగా ఉంది. నేల సారానికి చెందిన గుణంగా దాన్ని చూడటమే కొత్త.

ఇక మూడో కోవకు చెందిన పదజాలం సేద్యగాండ్రది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ప్రచురించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలకు అంకితమైంది. ఆ సంపుటం వెలువడిన కాలానికి ఒక ప్రత్యేకత ఉంది. సంకర విత్తనాలూ రసాయన ఎరువులూ పల్లెలకు విస్తారంగా చేరడానికి కొద్ది సంవత్సరాల ముందు సేద్యపు మాటలను రైతుల నోటనుంచి సేకరించిన గ్రంథమది. చెలక, రేగడి, దుబ్బ, పడావు, ఒడ్డు, గెట్టు, కుంట, కంచె, సాలు వంటి మాటలు నేల గుణాన్నీ నీటి నడకనూ పంటల పొందికనూ పట్టి చెప్పేవి. జొన్న చేనులో ఇన్ని సాళ్లకొక కంది సాలు అన్న లెక్క ఒక్కటి చాలు, ఒకే మడిలో భిన్న పంటలను కలిపి వేసే జ్ఞానం గ్రామీణ వ్యవహారంలో ఎంత సహజంగా ఉండేదో గ్రహించడానికి. భాషాశాస్త్ర పరిశోధనకు ఆ పదాలు మాండలిక భేదాల సాక్ష్యాలు. సేద్య చరిత్రకు అవి మరుగునపడిన ఒక పద్ధతి తాలూకు ఆనవాళ్లు.

3. పర్మాకల్చర్ రాక: పస్తాపూర్ నుంచి బిడకన్నె దాకా

పర్మాకల్చర్ అన్న మాట 1970లలో ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో పుట్టింది. బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ కలిసి రాసిన తొలి గ్రంథం 1978లో వెలువడింది. ‘శాశ్వత వ్యవసాయం’ అన్న భావన మాత్రం అంతకు ముందుదే. 1911లో ఎఫ్. హెచ్. కింగ్ చైనా, కొరియా, జపాన్ రైతుల గురించి రాసిన పుస్తకంలోనూ, 1929లో జె. రస్సెల్ స్మిత్ వృక్షపంటల గురించి రాసిన పుస్తకంలోనూ ఆ మాట కనిపిస్తుంది. అంతస్తుల వారీగా చెట్లనూ మొక్కలనూ పెంచే ‘అడవితోట’ నమూనాకు ఇంగ్లండులో ప్రచారం కల్పించిన రాబర్ట్ హార్ట్, కేరళ ఇంటితోటలను తన స్ఫూర్తుల్లో ఒకటిగా పేర్కొన్నాడు. కొబ్బరి కింద అరటి, అరటి కింద కంద, పసుపు పెరిగే దృశ్యం కోనసీమకూ కొత్త కాదు. కాబట్టి విదేశం నుంచి దిగుమతి అయిన సిద్ధాంతమన్న విమర్శ ఇక్కడ పాక్షికంగానే చెల్లుతుంది. ఆసియా రైతుల ఆచరణ పాశ్చాత్య గ్రంథాల మీదుగా ఒక చుట్టు తిరిగి మళ్లీ ఆసియాకు చేరింది.

ఆ చేరిక తెలంగాణలో జరిగిన చోటు అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాద్ ప్రాంతం. 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పస్తాపూర్ కేంద్రంగా దళిత స్త్రీల సంఘాలతో పనిచేస్తూ వచ్చింది. 1980ల రెండో భాగంలో మాలిసన్ భారతదేశానికి వచ్చి శిక్షణ ఇచ్చిన కాలంలోనే ఈ ప్రాంతంలో పర్మాకల్చర్ ప్రయోగాలు మొదలయ్యాయి. ఆ పనిలో తొలినాళ్ల నుంచీ ఉన్న కొప్పుల నర్సన్న, ఆయన సహచరి పద్మ 1999లో ‘అరణ్య’ సంస్థను స్థాపించారు. జహీరాబాద్ సమీపంలోని బిడకన్నె గ్రామంలో పదకొండెకరాలకు పైబడిన వారి క్షేత్రం, వర్షాధారపు ఎర్రనేల మీద పెరిగిన వనసేద్యానికి తెలుగు ప్రాంతంలో ప్రసిద్ధమైన ఉదాహరణ. 2017 నవంబరులో పదమూడో అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశాలు భారతదేశంలో జరిగినప్పుడు, మొదట హైదరాబాదులో సదస్సు నిర్వహించి, ఆ తరువాత వివిధ దేశాల ప్రతినిధులు సమావేశమైంది బిడకన్నెలోనే.

ఈ క్షేత్రం నడిచే తీరు ప్రధానంగా నీటికి సంబంధించింది. వాలుకు అడ్డంగా, సమాన ఎత్తు గల రేఖ వెంబడి కందకాలు తవ్వి, తవ్విన మట్టిని దిగువన కట్టగా పోస్తారు. వానకు పారే నీరు కందకంలో ఆగి నేలలోకి ఇంకుతుంది. కట్ట మీద వేగంగా పెరిగి ఆకు రాల్చే గ్లైరిసీడియా, కానుగ వంటి చెట్లను మొదట నాటుతారు. అవి ఆచ్ఛాదననూ పచ్చిరొట్టనూ సమకూర్చి, నేలలో జీవం పెరిగాక మామిడి, సీతాఫలం, ఉసిరి, చింత వంటి నిలకడైన చెట్లకు తావిస్తాయి. వాటి మధ్య సాళ్లలో చిరుధాన్యాలూ పప్పులూ, పందిళ్ల మీద తీగజాతులూ, నీడపట్టున దుంపలూ పెరుగుతాయి. ఇంటికి దగ్గరగా రోజూ చూడవలసినవి, దూరంగా ఏడాదికొకసారి చూడవలసినవి అన్న లెక్కలో క్షేత్రాన్ని వలయాలుగా విభజించడం పర్మాకల్చర్ రూపకల్పనలో మౌలిక సూత్రం. పెరడు, చేను, కంచె అన్న తెలుగు మాటల వరుసలో ఆ వలయాల భావన ముందునుంచే ఉంది. కూరపాదులు పెరట్లో, తిండిగింజలు చేనులో, పశువుల మేతా వంటచెరకూ కంచెలో దొరికేవి. శిక్షణలో వాడే ‘శాశ్వత వ్యవసాయం’ అన్న అనువాదం మూలపదానికి విధేయంగా ఉన్నా, రైతుకు బోధపడేది ఈ మూడు పాత మాటల ద్వారానే.

జహీరాబాద్ అనుభవంలో చరిత్రకారుడు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. ఈ సేద్యాన్ని చేపట్టిన స్త్రీలలో చాలామంది సారం తక్కువైన పడావు భూముల యజమానులు, లేదా భూమి లేనివారు. సంఘాలు భూమిని సామూహికంగా కౌలుకు తీసుకున్నాయి. కొన్నిచోట్ల ప్రభుత్వ పథకాల తోడ్పాటుతో కొన్నాయి. నీరూ ఎరువూ కోరకుండా నేలనూ మంచునూ నమ్ముకుని పండే పంటలను ఆ స్త్రీలు ‘సత్యం పంటలు’ అన్నారు. ఆ మాట ఏ పాఠ్యగ్రంథం నుంచీ రాలేదు. విత్తనాలను ఇళ్లలో దాచి, ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పే పాత పంటల జాతర వారి జ్ఞానానికి బహిరంగ వేదిక అయింది. సప్తసంతాన సంప్రదాయంలో వనం దాత పేరు మీద నిలిచింది. జహీరాబాద్‌లో అది నాటినవారి చేతుల్లో నిలిచింది. తెలంగాణ వనసేద్య చరిత్రలో ఇదే ప్రధానమైన మలుపు.

అప్పటి అనంతపురం జిల్లా చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన తింబక్తు కలెక్టివ్ అనుభవం ఇందుకు దగ్గరిది. బీడుపడిన 32 ఎకరాలను కొని, నరకడం, మేపడం, కాల్చడం మాన్పించి, నేలను తనంతట తాను కోలుకోనివ్వడంతో ఆ ప్రయత్నం ఆరంభమైంది. జపాన్ రైతు మసనోబు ఫుకువోకా ఆలోచనలు అక్కడి వారిని ప్రభావితం చేశాయి. రెండు చోట్లా ఉమ్మడిగా కనిపించేది ఒక్కటే: ఫలితం కోసం సంవత్సరాల తరబడి ఎదురుచూడగలిగే స్థితిని ముందుగా ఏర్పరచుకోవడం.

4. ఆర్మూర్: ఒక పంట నేల తయారైన తీరు

ఇందూరు 1905లో నిజామాబాద్ అయింది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, జిల్లా పశ్చిమభాగాన్ని వరి, చెరకు నేలగా మార్చింది. బోధన్ చక్కెర కర్మాగారం ఆ మార్పుకు చిహ్నం. గోదావరి మీద పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్‌కు 1963లో శంకుస్థాపన జరిగింది. ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్, కమ్మర్‌పల్లి, మోర్తాడ్ ప్రాంతాల్లో పసుపు మాత్రం ప్రధానంగా బావుల మీద, ఆ తరువాత బోర్ల మీద పెరిగింది. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం ఏర్పడటం ఈ ప్రాంత ప్రాముఖ్యానికి గుర్తింపు.

పసుపు తేలికైన పంట కాదు. మృగశిర కార్తెకు అటూఇటూ నాటితే తవ్వేది పుష్య మాఘాల్లో. దీర్ఘకాలిక రకం నేలను దాదాపు తొమ్మిది నెలలు ఆక్రమిస్తుంది. ఎకరాకు 8 నుంచి 10 క్వింటాళ్ల విత్తనపు దుంప కావాలి. తవ్వకం, కొమ్ములూ మండలూ వేరు చేయడం, ఉడికించడం, కళ్లంలో రెండు వారాల దాకా ఎండబెట్టడం, మెరుగు పట్టించడం ఒక్కొక్కటీ కూలీలతో ముడిపడిన పని. పచ్చి దుంప బరువులో నాలుగోవంతో అయిదోవంతో మాత్రమే ఎండు పసుపుగా మిగులుతుంది. దుంపకుళ్లు, ఆకుమచ్చ తెగుళ్లు సోకితే ఆ మిగులూ తగ్గుతుంది. ఇంత చేశాక సరుకు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరినప్పుడు దొరికే ధరకు ఏ హామీ లేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో పసుపు లేదు. మెరుగైన ధర కోసం సరుకును మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా తీసుకువెళ్లే రైతులూ ఉన్నారు. 2010-11 ప్రాంతంలో క్వింటాలు పదిహేను వేల రూపాయలు దాటిన ధర, 2019 నాటికి అయిదారు వేల చుట్టూ తిరిగింది. అప్పటి ఆందోళనలో రైతులు క్వింటాలు పసుపుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు కోరడానికి నేపథ్యమిది. జాతీయ పసుపు బోర్డును కేంద్రం 2023 అక్టోబరులో ప్రకటించింది. 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్ కేంద్రంగా అది ఆరంభమైంది. మార్కెట్, ఎగుమతి, పరిశోధన రంగాల్లో దాని పాత్ర ఎలా ఉన్నా, ఒక కమతంలోని నష్టభయం ఎలా పంచుకోబడుతుందన్న ప్రశ్న బోర్డు పరిధికి వెలుపలిది.

ఆర్మూర్ రైతు ఒకే పంటకు కట్టుబడిపోయాడనడం మాత్రం సరికాదు. పసుపు బోదెల మీద మొక్కజొన్న వేసి, మొదటి నెలల్లో ఆ పంట తీసుకోవడం ఇక్కడ పాత అలవాటు. ఖరీఫు పంట కోసిన భూముల్లో ఉత్తరాది పశుగ్రాసపు విత్తనంగా అమ్ముడయ్యే ఎర్రజొన్న వేస్తారు. ఆర్మూర్ పక్కనే ఉన్న అంకాపూర్ గ్రామం విత్తనోత్పత్తికి, మొక్కజొన్న పొత్తులకు, కూరగాయలకు, పసుపుకు పేరు పొంది, ఏడాది పొడవునా నేలను ఖాళీగా ఉంచని గ్రామంగా ప్రసిద్ధికెక్కింది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. అంకాపూర్ వైవిధ్యం కాలంలో పరచుకున్నది: ఒక పంట తరువాత మరొక పంట. జహీరాబాద్ వైవిధ్యం స్థలంలో పరచుకున్నది: ఒకే చేనులో ఒకేసారి పది పంటలు. మొదటిదానికి నీరూ పెట్టుబడీ మార్కెట్ సమాచారమూ కావాలి. ప్రతి పంటా ఒక పందెమే. రెండోదానిలో ఒక పంట పోయినా మరొకటి నిలుస్తుంది, అయితే అమ్మకానికి వచ్చే పరిమాణం తక్కువ. వనసేద్యం ఈ రెండింటినీ కలిపే ప్రయత్నం. అందులో స్థలమూ కాలమూ రెండూ అంతస్తులుగా అమరుతాయి: నెలల్లో కాసే కూరగాయ, తొమ్మిది నెలల్లో వచ్చే పసుపు, మూడు నాలుగేళ్లలో కాపుకొచ్చే సీతాఫలం, తరం నిలిచే చింత ఒకే గెట్ల మధ్య ఉంటాయి.

5. నీడ ఎరిగిన మొక్క

ఆర్మూర్ నేలలో ఇది సాధ్యమా అన్న ప్రశ్నకు తొలి సమాధానం పసుపు మొక్కే ఇస్తుంది. అల్లం కుటుంబానికి చెందిన ఈ మొక్క దక్షిణాసియా తేమ నేలలది. సాగులో ఉన్న పసుపు మూడు క్రోమోజోము సమూహాల మొక్క కావడంతో గింజ కట్టదు. తవ్విన దుంపలోంచి కొంత మళ్లీ నాటడమే దానికి సంతానం. మనిషి చేయి లేకుండా అది ఇన్ని శతాబ్దాలు నిలిచేది కాదు. పెళ్లిపీట మీదా గడప మీదా పసుపు లేని తెలుగు శుభకార్యం లేదు. ఆ మొక్క వంశం కూడా అదే విధంగా ఒక చేతినుంచి మరొక చేతికి అందుతూ వచ్చింది.

పసుపు పాక్షికమైన నీడను తట్టుకోగలదు. కేరళ ఇంటితోటల్లో, కోనసీమ కొబ్బరి తోటల్లో అది చెట్ల కింది అంతస్తుకు చెందింది. ఒడిశాలోని కంధమాల్ కొండల్లో ఆదివాసీలు రసాయనాలు లేకుండా పండించే పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. నిజామాబాద్ రైతు దాన్ని బయలు చేనులో, అధిక దిగుబడి లక్ష్యంగా పెంచాడు. మొక్కజొన్న నీడలో మొదటి నెలలు గడిపే ఆర్మూర్ పసుపు తన పాత స్వభావాన్ని ఇంకా పూర్తిగా వదులుకోలేదన్నమాట.

కాబట్టి ఎకరం, రెండెకరాల కమతంలో పసుపును విడిచిపెట్టకుండానే వనసేద్యం వైపు జరగడానికి దారి ఉంది. గెట్ల మీద కానుగ, వేప, గ్లైరిసీడియా నాటితే పసుపు కోరే ఆకు ఆచ్ఛాదన పొలంలోనే దొరుకుతుంది. కొమ్మలు ఉడకబెట్టే కడాయికి వంటచెరకు అవుతాయి. సాళ్ల చివర ఆముదం, కంది. నడుమ దూరదూరంగా మునగ, అవిసె, బొప్పాయి. అంచుల్లో చేమ, కంద, అల్లం అమరుతాయి. దుంపకుళ్లు భయం వల్ల పసుపును ఒకే మడిలో ఏటా నాటకూడదు కనుక, కమతాన్ని మూడు పాళ్లుగా చేసి పసుపును ఏటేటా పాలు మార్చి వేయాలి. పొలంలో గొర్రెల మంద పెట్టించడం, చెరువు పూడికమట్టి తోలించడం తెలంగాణ రైతుకు తెలిసిన పద్ధతులే. ఎరువు కొనుగోలును ఇవి తగ్గిస్తాయి.

ఈ మార్పుకు మూల్యం లేకపోలేదు. చెట్లు ఎదిగేకొద్దీ వాటి కింద పసుపు దిగుబడి బయలు చేనులో వచ్చినంత రాదు. మొదటి మూడు నాలుగేళ్లలో చెట్టు ఖర్చే తప్ప ఆదాయం ఇవ్వదు. పది రకాల పంట కొద్దికొద్దిగా చేతికి వస్తే, ఒకే సరుకును బస్తాల్లో కొనే యార్డులో దానికి చోటు ఉండదు. ఇంటి తిండికి, వారపు సంతకు, నేరుగా కొనేవారికి ఆ పంట అందాలి. చెట్టును నరకాలన్నా అనుమతి కోరే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉద్దేశం మంచిదే అయినా, పొలంలో కలపజాతి చెట్టు నాటడానికి రైతు వెనుకాడటానికి అదీ ఒక కారణమవుతుంది. ఈ ఇబ్బందులన్నిటికీ ఓపికతో ఏదో ఒక మార్గం దొరుకుతుంది. దొరకనిది తరువాతి భాగంలో చర్చించే ఇబ్బందికి.

6. కౌలు, చెట్టు, కాలం

‘కౌలు’ అన్న మాటకు అరబీ మూలంలో ‘మాట’, ‘వాగ్దానం’ అని అర్థం. నిజాం పాలన వీడినా ఆ పదార్థం తెలంగాణ పల్లెలో మారలేదు. కౌలు ఈనాటికీ ఎక్కువగా నోటిమాటే. ఏడాదికి ఇంత అని కుదురుతుంది. మరుసటి ఏడు అదే రైతుకు అదే పొలం దక్కుతుందన్న భరోసా లేదు. పసుపు తొమ్మిది నెలల పంట కావడం ఈ వ్యవస్థకు సరిగ్గా ఇమిడిపోయింది. నాటి, తవ్వి, ఉడికించి, కౌలు చెల్లించి, పొలం ఖాళీ చేయడానికి ఏడాది సరిపోతుంది. చెట్టు ఈ గడువులో ఇమడదు. నాలుగేళ్లకు కాచే సీతాఫలాన్ని ఏడాది కౌలు రైతు ఎందుకు నాటుతాడు? నాటనిస్తే కౌలుదారు పొలం మీద హక్కు అడుగుతాడేమోనన్న భయం యజమానిది. ఇద్దరి భయాల నడుమ గెట్టు మీది చెట్టు పుట్టకుండానే పోతుంది.

తెలంగాణలో ఈ సమస్యకు చట్టపరమైన చరిత్ర ఉంది. సాయుధ పోరాటం సాగుతున్న కాలంలోనే 1950లో వచ్చిన హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించింది. ఆ గుర్తింపు పొందినవారికి భూమిపై నిలకడ దక్కింది. అయితే కౌలును కాగితం మీద పెడితే హక్కు పుడుతుందన్న భయంతో తరువాతి దశాబ్దాల్లో కౌలు మరింతగా నోటిమాటలోకి జారిపోయింది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన సాగుదారుల చట్టం రుణార్హత కార్డులను ప్రవేశపెట్టింది. 2018లో ఆరంభమైన రైతుబంధు పట్టాదారుకు సాయం అందించింది. కౌలు రైతును అందులో చేర్చలేదు. ఈ వరుసలో ప్రతి చట్టమూ పథకమూ ఒక ప్రశ్నకు తనదైన జవాబు చెప్పింది: భూమి మీద కాలం ఎవరిది?

జహీరాబాద్ అనుభవం విలువ ఇక్కడే తేలుతుంది. ఆ సంఘాలు కందకం కంటే ముందు, విత్తనం కంటే ముందు భూమి మీద సామూహిక నిలకడను సంపాదించుకున్నాయి. బిడకన్నెలో, తింబక్తులో నేల సొంతం కావడం వల్లనే మొదటి సంవత్సరాల ఖాళీ చేతులను భరించడం సాధ్యమైంది. వనసేద్యాన్ని పద్ధతిగా మాత్రమే బోధించి, దానికి ఆధారమైన ఈ నిలకడను ప్రస్తావించకపోతే అది భూమి ఉన్నవారి అభిరుచిగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. నగరాల చుట్టూ పెరుగుతున్న ఫాంహౌసు తోటలు ఆ ప్రమాదానికి సూచనలు. వాటి ద్వారాల మీద యజమానుల పేర్లు ఉంటాయి. పాదులు తవ్వినవారి పేర్లు ఉండవు. సప్తసంతానపు పాత లెక్క కొత్త రూపంలో తిరిగివచ్చినట్లే అవుతుంది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. తెలుగు సంప్రదాయంలో వనం శాశ్వత కీర్తికి సాధనమైంది. ఆ శాశ్వతత్వం దాతదీ యజమానిదీ. సేద్యగాండ్ర పదజాలం మరొక శాశ్వతత్వాన్ని, నేల సారాన్ని కాపాడే పంటల పొందికను దాచుకున్నది. 1980ల చివర వచ్చిన పర్మాకల్చర్ జహీరాబాద్‌లో వేళ్లూనడానికి కారణం ఆ పొందికను మరచిపోని దళిత స్త్రీల జ్ఞానమూ, భూమి మీద వారు కలసికట్టుగా సంపాదించుకున్న నిలకడా. ఆర్మూర్‌లో నీరుంది, నైపుణ్యముంది, నీడను ఓర్చే పంట ఉంది. లోపించినది, పొలం దున్నే చేతులకు చెట్టు కాసేదాకా ఆ పొలం మీద ఉండే భరోసా. రైతు సంఘాలు దీర్ఘకాలిక సామూహిక కౌలును రాతపూర్వకంగా కుదుర్చుకోగలిగితే, కొత్త పసుపు బోర్డు చెట్ల నీడన పండిన పసుపుకు ప్రత్యేక మార్కెట్‌ను చూపగలిగితే, ఆ లోపం కొంత తీరుతుంది.

తెలుగు పరిశోధనకు కూడా ఇందులో బాధ్యత ఉంది. ఆరు దశాబ్దాల కిందటి వృత్తి పదకోశాన్ని నేటి ఆర్మూర్, జహీరాబాద్ వ్యవహారంతో పోల్చి, ఏ మాటలు మిగిలాయి, ఏవి పోయాయి, ‘సత్యం పంట’ వంటివి ఏవి కొత్తగా పుట్టాయి అన్నది నమోదు చేయవలసి ఉంది. ఒక పంట చేనునుంచి కనుమరుగైన తరువాత దాని పేరు మరొక తరం దాకా నోళ్లలో నిలవవచ్చు. ఆ తరమూ దాటితే నమోదు చేయడానికి మాట కూడా మిగలదు. శాసనాలు ఎవరి హక్కు ఆచంద్రతారార్కం చెల్లాలో రాశాయి. పసుపు తవ్వే చేతులకు ఎన్నేళ్ల నేల దక్కిందో రాయవలసిన పని ఇంకా మిగిలి ఉంది.